ఆడతోడు ఒక్కరే

కూతురికి మంచి అత్త దొరకాలని కోరుకోని తల్లి ఉండదు. పెద్దనర్సు కూడా అదే కోరుకుంది. తీరా కోరుకున్నది కోరుకున్నట్టే జరిగితే కడుపు ఇంతగా మండుతుందని ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు పాపం.

ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా ఆమెను పెద్దనర్సు అనే పిలుస్తారు. ప్రసూతి వార్డు ఆమె రాజ్యం. మొగుడు పోయాక పసిపిల్లను చంకనేసుకుని ఆ వార్డులోనే డ్యూటీలు చేసింది, ఆ పిల్లను పెంచి చదివించి ఒక ఇంటిదాన్ని చేసింది. పెట్టింది తినేది, కొన్నది తొడుక్కునేది, ఏనాడూ దేనికీ మారాం చేసి ఎరగదు ఆ పిల్ల. ఇంట్లో ఉన్నా ఉన్నట్టే తెలియదని తోటి నర్సులు మెచ్చుకుంటుంటే పెద్దనర్సుకు కడుపు నిండిపోయేది. ఒంటిచేత్తో పెంచితే పిల్లలు చెడిపోతారన్న వాళ్ళ నోళ్ళన్నీ మూయించానని ఆమె లెక్క.

పెళ్ళయ్యాక కూతురు అదే ఊళ్ళో మరో కొసకు కాపురానికి వెళ్ళింది. అత్తగారికి వీధి మలుపులో చిన్న కొట్టుంది. గుండీలు, జిప్పులు, లేసులు, దారపుండలు అమ్ముతుంది. మనిషి పొట్టి, నవ్వు మాత్రం పెద్దది. పెద్దనర్సు మనసులో ఆవిడకు గుండీలావిడ అని పేరు పెట్టుకుంది. పైకి మాత్రం వదినగారూ అనే అంటుంది. వియ్యపురాలి దగ్గర నోరు జారితే రేపు మాట పడాల్సింది కూతురే కదా.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఈ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండి కూడా ఉత్తమురాలూ గుణవంతురాలూ అయిపోయి, ఆ సామెత పరువు తీశారు. మొదట్లో పెద్దనర్సు సంతోషించింది. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా అత్తయ్య ఇలా అంది, అత్తయ్య అలా నవ్వించింది అని వినీ వినీ, సంతోషం ఎప్పుడో పులిసిపోయింది. గుండీలావిడ కోడల్ని బుల్లీ అని పిలుస్తుందట. కన్నతల్లి పెట్టిన పేరేమో బడి రిజిస్టరుకీ, ముద్దుపేరేమో నిన్నగాక మొన్న వచ్చినావిడకీ దక్కాయి.

ఇప్పుడు కూతురికి నెలలు నిండాయి. అత్తగారింటికి దగ్గరని పేరు రాయించుకున్న వేరే ఆసుపత్రిలో కాన్పుగదిలోకి మగవాళ్ళను రానివ్వరు, ఆడతోడు ఒక్కరినే రానిస్తారు, ఆ ఒక్కరూ ఎవరో ముందే చెప్పాలి. కూతురు ఫోన్ చేసి, ఆదివారం మధ్యాహ్నం మా వీధిలో నూడుల్స్ హోటల్‌కి రా అమ్మా, ఒక మాట చెప్పాలి అంది. ఆ మాటేమిటో పెద్దనర్సుకు చెప్పకుండానే తెలుసు. ఊళ్ళో సగంమంది బిడ్డల్ని చేతులతో అందుకున్న తల్లి ఉండగా ఇంకొకరి ఊసెందుకొస్తుంది? ఫోన్ పెట్టేసి అప్పటికప్పుడే సెలవు అడిగేసింది.

హోటల్ ఒక లాండ్రీకీ తాళంచెవులు చేసే దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంది. తలుపు తోసేసరికి లోపలి ఆవిరి ఆమె కళ్ళద్దాలను కమ్మేసింది. తుడుచుకుని చూస్తే ముందుగా కనిపించింది ఏమిటంటే, కూతురూ గుండీలావిడా బల్లకు ఒకే వైపున, భుజం భుజం ఆనించుకుని కూర్చుని ఉన్నారు. తన కోసం ఎదుటి కుర్చీ ఖాళీగా పెట్టారు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టినట్టు నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు అనుకుంటూ ఆమె కూర్చుంది.

లోపల వంటాయన పిండిని చేతుల మధ్య సాగదీసి, బల్ల మీద చరిచి, మళ్ళీ సాగదీస్తున్నాడు. ఒక్క ముద్ద చూస్తుండగానే పోగులు పోగులుగా విడిపోయి మరుగుతున్న నీళ్ళలోకి జారుతోంది. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి పెట్టి, పెద్దనర్సును వదిలేసి గుండీలావిడను చూసి, ఎప్పుడూ తినేవేనా అని అడిగింది. ఎప్పుడూ అంటే ఎప్పుడని పెద్దనర్సు ఆరా తీసింది. కొట్టు సెలవురోజున ప్రతి వారం వస్తామని కూతురు చెప్పింది. ప్రతి వారం! తన ఇంటికేమో నెలకోసారి వచ్చి, గడియారం చూసుకుంటూ తిని వెళ్తుంది మహాతల్లి. పెద్దనర్సు నీళ్ళు తాగింది. మంట చల్లారలేదు.

గిన్నెలు వచ్చాయి. ఒక్కోటీ పసిపిల్లకు స్నానం చేయించేంత ఉంది. చిక్కటి పులుసులో నూడుల్స్, పైన కోసిన గుడ్డు చెక్క, చారెడు ఉల్లికాడలు. కూతురు గిన్నెలోకి చూసి మూతి ముడిచింది.

"అబ్బా, మళ్ళీ ఉల్లికాడలు వేశారు అత్తయ్యా. నేను తినను."

గిన్నెను అవతలికి నెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళు దాటిన మనిషి, రేపో మాపో తల్లి కాబోయే మనిషి! పెద్దనర్సు నోరు తెరిచేలోపే గుండీలావిడ ఆ గిన్నెను తన ముందుకు లాక్కుని, నూడుల్స్ తినే పుల్లలతో ఉల్లికాడల్ని ఒక్కొక్కటే ఏరి తన దాంట్లో వేసుకోసాగింది. గుండీల సైజులు ఏరి ఏరి అలవాటైన వేళ్ళు కదా, తొందరేమీ పడలేదు. ఏరడం అయ్యాక తన గుడ్డు చెక్క కూడా కోడలి గిన్నెలో పెట్టి తిరిగి ఇచ్చింది. కూతురు ఒక థాంక్స్ అయినా చెప్పలేదు. తన హక్కే అన్నట్టు తినడం మొదలుపెట్టింది.

"నీకు ఉల్లికాడలు ఇష్టం కదే" అంది పెద్దనర్సు.

"ఎప్పుడూ ఇష్టం లేదమ్మా."

"మరి ఇన్నేళ్ళూ తిన్నావుగా."

"తిన్నాను."

అంతే. కూతురు మళ్ళీ గిన్నె మీదికి వంగింది. ఉల్లికాడల మీద ఎవరికి ఉంటుంది అంత పట్టింపు? పెద్దనర్సు బాధ అది కాదు. తన ముందు ఒక్కసారి కూడా మూతి ముడవని పిల్ల, ఆవిడ ముందు ఇంత ధీమాగా ఎలా ముడిచింది? మారాం చేయని పిల్ల అని ఇన్నాళ్ళూ పొంగిపోయిందే, ఆ మారాం అంతా ఎక్కడో దాచిపెట్టుకుని తెచ్చి ఈవిడకు ధారపోస్తోందన్నమాట.

పైగా ఆ జుర్రడం ఒకటి. అత్తా కోడలూ గిన్నె మీదికి వంగి, వీధిలోకి వినబడేలా జుర్రుతున్నారు. తింటుంటే చప్పుడు రాకూడదని నేర్పి పెంచింది తను. ఇక్కడ ఇలాగే తినాలమ్మా అని కూతురు నోటినిండా కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయి, అసలు చూశానా అని పెద్దనర్సుకు అనుమానం వచ్చింది. పుల్లలు చేతిలోకి తీసుకుంది. పసికందు చేతిలో నరం దొరకబుచ్చుకోగల ఆ వేళ్ళకు ఒక్క పోగు చిక్కలేదు. అడక్కుండానే హోటలామె ఒక ఫోర్కు తెచ్చి పక్కన పెట్టింది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఇక ఆగలేక ఆమె తనే మాట కదిపింది. సెలవు దొరికిందని, బట్టల సంచీ కూడా సర్దుకున్నానని, ఆ ఆసుపత్రి నర్సుల్లో ఒకామె తనకు తెలిసినామేనని చెప్పింది. కూతురు పుల్లలు కింద పెట్టింది. గుండీలావిడ గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"అమ్మా, లోపలికి అత్తయ్య వస్తుంది" అంది కూతురు. "నువ్వు బయట ఉండు."

పెద్దనర్సు ఎందుకని అడిగింది. ఏళ్ళ తరబడి వార్డులో నిలబడి నేర్చుకున్నదాన్ని నేనా, జిప్పులు అమ్ముకునే ఆవిడా అని నాలుక చివరిదాకా వచ్చింది.

కూతురు గిన్నెను పక్కకు జరిపి, మెల్లగా చెప్పింది.

"చిన్నప్పుడు నీ డ్యూటీ అయ్యేదాకా వరండాలో కూర్చునేదాన్ని గుర్తుందా? లోపల ఎవరో ఒకరు అరిచేవాళ్ళు. ఆ వెంటనే నీ గొంతు వినబడేది. నోరు మూసుకో, లోకంలో నువ్వొక్కదానివే కంటున్నావా అనేదానివి. వాళ్ళు ఠక్కున ఆపేసేవాళ్ళు. నువ్వుంటే నాకు అరుపు రాదమ్మా. నాకు అరవాలనుంది."

నింపాదిగా చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే పెద్దనర్సుకు సులువయ్యేది, తనూ కోప్పడేది. అలా అదలించకపోతే వార్డు నడవదని, అరిస్తే ఒంట్లో బలం పోతుందని, పక్క మంచం వాళ్ళు బెదిరిపోతారని ఏదేదో సర్దిచెప్పింది. కూతురు అన్నిటికీ తలాడించింది. చిన్నప్పుడు ఆడించినట్టే. ఆ తర్వాత బల్ల పట్టుకుని లేచి, నెలలు నిండిన మనిషికి తప్పదు కనుక, వెనకవైపు బాత్రూమ్‌కి వెళ్ళింది.

కోడలు కనుమరుగయ్యిందో లేదో, గుండీలావిడ బల్ల మీదికి వంగింది. మొహంలో ఆ పెద్ద నవ్వు లేదు.

"వదినగారూ, మీకొక్కరికే చెప్తున్నాను. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. కొట్లో సూది గుచ్చుకున్నా కూలబడిపోతాను. అమ్మాయి అంత ఆశగా అడిగితే కాదనలేకపోయాను. దానికి తెలియదు."

అబద్ధం చెప్పడమెందుకు, ఆ క్షణాన పెద్దనర్సుకు కలిగింది పచ్చి సంతోషం. శత్రువు తన కత్తిని తనే తెచ్చి చేతిలో పెట్టింది. కూతురు తిరిగి రాగానే ఒక్క మాట అంటే చాలు. కాన్పుగదిలో మీ అత్తయ్య కింద పడిపోతే డాక్టర్లు నిన్ను చూడాలా, ఆవిడను చూడాలా? నర్సు అనాల్సిన మాటే అది. అందులో కుళ్ళుందని ఎవరూ వేలెత్తి చూపలేరు. కూతురు తలాడిస్తుంది. నువ్వే రా అమ్మా అంటుంది. బాత్రూమ్ తలుపు వైపు చూస్తూ పెద్దనర్సు ఆ మాటను లోలోపల రెండుసార్లు అనుకుని చూసుకుంది.

అనుకుంటూ ఉంటే ఆ గది కళ్ళ ముందుకొచ్చింది. మంచం మీద కూతురు. పళ్ళ బిగువున పెదవులు మూసుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా తల్లి మొహం వంక చూస్తూ, చప్పుడు చేయకుండా, మంచిపిల్లలా. అలాంటివాళ్ళను ఆమె వార్డులో ఎందరినో చూసింది. ఎంత ఓర్పు తల్లీ అని మెచ్చుకుంది కూడా. అది ఓర్పు కాదని, తనంటే భయమని, ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారీ అనుకోలేదు. కన్నబిడ్డ కూడా ఆ వరసలోనే నిలబడింది.

కుళ్ళు మాయమైపోయిందని అనుకుంటే మాత్రం పొరపాటు. రవ్వంత కూడా తగ్గలేదు. దాన్ని అలాగే కడుపులో పెట్టుకుని ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"వినండి. తల వైపు నిలబడండి. దుప్పటి అవతలికి చూడకండి, ఎవరు పిలిచినా చూడకండి. దాని మొహం ఒక్కటే చూడండి. వెళ్ళేముందు కడుపునిండా తినండి. కళ్ళు తిరిగేలా ఉంటే సిగ్గుపడకుండా కింద కూర్చోండి. చెయ్యి మాత్రం వదలకండి."

గుండీలావిడ పాఠం అప్పజెప్పే పిల్లలా పెదవులు కదుపుతూ ఒక్కొక్కటీ మనసులో వేసుకుంది. ఇద్దరి గిన్నెలూ చల్లారిపోయాయి. వెనకనుంచి కుళాయి కట్టేసిన చప్పుడు వచ్చింది.

"మరి అది అరిస్తే ఏమనాలి వదినగారూ? నాకు ఏడుపొచ్చేస్తుందేమో."

అప్పుడు అనాల్సిన మాట పెద్దనర్సు ఎవరితోనూ ఎన్నడూ అనలేదు. ఎలా అనాలో కూడా వెతుక్కోవాల్సి వచ్చింది.

"అరవమ్మా అనండి" అంది చివరికి. "ఇంకా గట్టిగా అరవమ్మా, ఎవరూ ఏమీ అనరు అనండి."

"మీ అమ్మ చెప్పమంది అని చెప్తాను."

కూతురు పొట్ట పట్టుకుని బల్లల మధ్య నుంచి నెమ్మదిగా వస్తోంది. పెద్దనర్సు గొంతు తగ్గించింది.

"వద్దు. నా పేరు వింటే దాని నోరు మూతపడుతుంది. మీ మాటగానే అనండి."