వేరున్న ఆకు

ఆ మెకానిక్‌కి తన ముప్పై ఏళ్ల అనుభవం మీద ఉన్నంత గురి మరి దేని మీదా లేదు. కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని మిషన్లు విప్పి బిగించాడో లెక్కే లేదు. అలాంటివాడికి సొంత కూతురే ఎదురు చెప్పింది.

కూతురు ఒక షట్టర్ గదిలో, సలాడ్లలో వేసే లెట్యూస్ ఆకు పెంచుతోంది. కిటికీల్లేవు, నాలుగు ర్యాకులు, వాటిపైన తెల్ల లైట్లు. గదిలో వేడినీ తేమనీ అదుపులో పెట్టే మిషన్లన్నీ తండ్రే బిగించాడు. మొదటి పంటలో లేతాకుల అంచులు మాడిపోయాయి. గాలి ఎండిందని తండ్రి తుంపర పెంచాడు, అవి ఇంకా మాడాయి. ఆకు కొంటానన్న హోటలు వంటమాస్టరు మొహం మీదే వద్దన్నాడు. ఈసారీ అంతే అయితే గది మూసుకోవడమే.

రెండో పంటకి కూతురు తుంపర మిషను ఆపేసి, ఫ్యాన్లు ఆకుల మీదికి తిప్పింది. తేమ ఎనభై ఐదు శాతం నుంచి అరవై ఐదుకి దిగింది. తండ్రి ప్రాణం ఉసూరుమంది.

"మొక్కల నోట్లో మట్టి కొడుతున్నావే!"

"నాన్నా, నీ కోల్డ్ స్టోరేజీలోది కోసిన ఆకు. గాలి ఎండితే అదీ ఎండుతుంది. దీనికి వేరుంది. గాలి తడిగా ఉంటే ఆకులోంచి నీరు బయటికి పోదు. అది పోకపోతే వేరు కొత్తగా తాగదు, లేతాకుకి సత్తువ అందదు. మాడేది అందుకే."

"నాకే పాఠాలా?" అని ఆయన మూతి ముడుచుకున్నాడు. ఊరుకున్నాడా? లేదు. ఆమె బయటికెళ్లిన మూడు మధ్యాహ్నాలు తలుపు పక్క ర్యాకు ఒక్కదానికే దొంగతనంగా తుంపర పట్టాడు.

పంట కోతకొచ్చిన రోజు వంటమాస్టరు వచ్చాడు. ప్రతి ర్యాకులో ఒక మొక్క తీసి, గుత్తి చీల్చి, లోపలి లేతాకులు చూశాడు. మూడు ర్యాకుల్లోనూ ఆకులు నిగనిగలాడుతున్నాయి. తలుపు పక్కది చీల్చేసరికి లోపల గోధుమరంగు అంచులు కనిపించాయి.

"మళ్లీ పాత కథేనా? రేపు అన్నీ ఇలా కావని నమ్మకమేంటమ్మా?"

కూతురు ఆ మొక్కని అందుకుని తిప్పి తిప్పి చూసింది. ఆ ర్యాకుకి ఏమైందో ఆమెకు తెలియదు మరి. తండ్రికి తెలుసు. నోరు మెదపకుండా ఉంటే ఆయన పరువు నిలిచేది. కానీ ఆ మూడు ర్యాకుల వైపు చూస్తుంటే ఆయనకి సిగ్గు కంటే సంతోషమే ఎక్కువైంది. ముప్పై ఏళ్లలో తనకి తట్టనిది తన కూతురికి తట్టింది! ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అది నా నిర్వాకం సార్. చెప్పకుండా తుంపర పెట్టాను. మా అమ్మాయి మాట విన్న ర్యాకులన్నీ బాగున్నాయి. నా మాట విన్నది ఇదొక్కటే."

వంటమాస్టరు నవ్వాపుకుంటూ, "మూడు ర్యాకులూ పంపించమ్మా," అని ఆయన వైపు తిరిగాడు. "ఇంతకీ ఇక్కడ మీరేం చేస్తుంటారు?"

ఆయన ఛాతీ విరుచుకున్నాడు.

"ఈ మేడమ్ దగ్గర మెకానిక్‌ని సార్."