మూడో సిట్టింగ్

మిషను కొనను తన ముంజేతికి ఆనించి చూసుకుంది బిందుమాధవి. చల్లగా లేదు. పొద్దున్న మొదలుపెట్టినప్పుడు కాస్త నయంగానే ఉంది. ఇద్దరికి పైపెదవి మీది వెంట్రుకలు తీసేసరికి గోరువెచ్చగా అయిపోయింది. లోపల నీళ్లు తిప్పే మోటారు రెండు రోజులుగా మూలుగుతోంది. లేజరు వేడి చర్మాన్ని కాల్చకుండా కాచేది ఆ చల్లదనమే.

ఆమె గది దాటి దేవీప్రసాద్ టేబుల్ దగ్గరికి వెళ్లింది. ఆయన క్లినిక్ యజమాని. డాక్టరు కాదు. డాక్టరుగారు విశాఖపట్నం నుంచి ఆదివారాలు వచ్చి వెళతారు. మిగతా రోజుల్లో ఆయన పేరు మాత్రం బోర్డు మీద ఉంటుంది.

"కూలింగ్ పనిసెయ్యట్లేదు సార్. ఇయ్యాల్టికి ఆపేద్దారండి."

"సోమారం మెకానిక్ వత్తాడు. అందాకా ఐసు పెట్టి లాగించు," అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండా. "హాల్లో ఎంతమంది ఉన్నారో సూసేవా?"

చూసింది. అనకాపల్లి మెయిన్ రోడ్డులో, మందుల షాపు పైనున్న ఆ ఇరుకు హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. కొందరు చున్నీ, కొందరు కొంగు, ఇంకొందరు మాస్కు. అందరి గడ్డాలూ ఏదో ఒకదాని చాటునే ఉన్నాయి. పక్కవాళ్ల ముఖంలోకి ఎవరూ చూడడం లేదు. అలా చూడకపోవడం అక్కడ మర్యాద.

"ధనశ్రీ," అని పిలిచింది.

పిల్లతో పాటు తల్లి అప్పలకొండమ్మ కూడా లేచింది. దేవరాపల్లి అవతల ఊరు వాళ్లది. ఉన్న కాస్త భూమిలో చెరకు వేస్తారు. ధనశ్రీ అచ్యుతాపురం వైపు బట్టల కంపెనీలో కుట్టు మిషను మీద పని చేస్తుంది. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కాలి. ఇరవై రెండేళ్ల ఆ పిల్లకు నెలసరి మూడు నెలలకో నాలుగు నెలలకో వస్తుంది. గడ్డం కింద, దవడల మీద మోటు వెంట్రుకలు. ఊళ్లో మందులిచ్చే ఆయనకు చూపిస్తే, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని పంపించేశాడు. కంపెనీలో సూపర్‌వైజరు లైను మధ్యలో నిలబడి ఆమెను "ఏరా తమ్ముడూ" అని పిలిచేవాడు. లైనంతా నవ్వేది. నవ్వకపోతే తమ వంతు వస్తుందని భయపడి కొందరు నవ్వేవారు. ఆ పిలుపు భరించలేకే ఆమె నెల జీతం కన్నా ఎక్కువ పెట్టి, ఆరు సిట్టింగులకు పద్దెనిమిది వేలు కట్టింది.

మంచం మీద పడుకుని చున్నీ తీసింది ధనశ్రీ. బిందుమాధవి దీపం దగ్గరికి లాగి చూసి ఆగిపోయింది. దవడ కింద రెండు చోట్ల చర్మం నల్లగా కమిలి ఉంది. ఒకచోట ఇంకా పెచ్చు కట్టే ఉంది.

"ఇదెప్పటిది?"

"పోయినసారి సేసినకాడ్నించీ, అక్కా. సార్‌కి ఫోన్ సేసేను. మామూలే, తగ్గిపోద్ది అన్నారు." ధనశ్రీ గొంతు తగ్గించింది. "గెడ్డం అయితే కొద్దిగా తగ్గినాది. మచ్చలు సూసి ఏటని అడుగుతన్నారు. నూనె సిందిందని సెప్పేను."

"ఎండలో తిరిగేవా?"

"శెలవరోజు సేలోకెళ్లక ఏటి సేత్తాది?" అంది గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లి. "ఎండలో ఎల్లకూడదని మాకెవలు సెప్పేరు?"

ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఆదివారం వస్తాడు. వీళ్లకు కంపెనీ సెలవు దొరికేది శుక్రవారం.

దేవీప్రసాద్ లోపలికొచ్చాడు. మచ్చలు చూసి పెదవి విరిచాడు. "ఇవి ఇడిసిపెట్టి పక్కన లేజర్ కొట్టు. ఈసారి పవర్ పెంచు. మూడో సిట్టింగ్‌కి తేడా కనబడకపోతే డబ్బులు వాపసు అడుగుతారు."

బిందుమాధవి ఐసు ముక్క గుడ్డలో చుట్టి ధనశ్రీ చెంప మీద పెట్టింది. ఆ పిల్ల కళ్ల మీద నల్ల అద్దాలు బిగించింది. తనూ పెట్టుకుంది. పవర్ మాత్రం పెంచలేదు. చెవి పక్కన, అంతగా కనబడని చోట, పరీక్షకి ఒక్క దెబ్బ కొట్టింది.

టప్‌మని చప్పుడు. వెంట్రుక కాలిన వాసన. ధనశ్రీ కాళ్లు ముడుచుకుని మంచం అంచు పట్టుకుంది. అరవలేదు. చూస్తుండగానే అక్కడి చర్మం ఎర్రబడి ఉబ్బింది.

బిందుమాధవి పెడల్ మీంచి కాలు తీసేసింది.

"కానియ్యి," అన్నాడు దేవీప్రసాద్.

"నాను కొట్టను సార్."

ఆయనకు వెంటనే అర్థం కానట్టుంది. "ఏటన్నావు?"

"కాలిపోతన్నాది. నాను కొట్టను."

"పది రోజుల ట్రైనింగుకే డాక్టరమ్మవైపోయేవా? నీ మొగానికి ఫ్రీగా సేయించింది ఎవలు? మరిసిపోయేవా?"

మర్చిపోలేదు. ఆమెకూ అదే జబ్బు. పదహారో ఏటి నుంచీ ఉంది. ఈ క్లినిక్‌లో చేరినప్పుడు ఆయనే సిట్టింగులన్నీ ఊరికే చేయించాడు. అప్పటినుంచీ కొత్తగా వచ్చినవాళ్ల ముందు ఆమెను నిలబెట్టి, "మా అమ్మాయిని సూడండి. మళ్లీ రానే రాదు," అనేవాడు. ఆరు నెలలు నిజంగానే రాలేదు. ఆ తర్వాత ఒకటొకటిగా మొలిచాయి. ఇప్పుడు ఆటో నడిపే మొగుడు నిద్ర లేవకముందే గడ్డం గీసుకుని, మాస్కు పెట్టుకుని పనికి వస్తోంది.

"లెగు. నాను కొడతాను," అని దేవీప్రసాద్ స్టూలు లాక్కున్నాడు.

మంచం మీద పిల్లకు నల్ల అద్దాల వల్ల ఏమీ కనబడడం లేదు. మిషను ఎవరి చేతిలో ఉందో తెలియక తల అటూ ఇటూ తిప్పింది. "అక్కా? ఏటయినాది అక్కా?"

ఆ గొంతు వినేసరికి బిందుమాధవి చెయ్యి దానంతటదే కదిలినట్టయింది. మిషను తాళం తిప్పి, లాగి గుప్పిట్లో పెట్టుకుంది. మోటారు ఆగిపోయింది. ఇంకో చోట పని దొరుకుతుందో లేదో, ఇంట్లో ఏం చెప్పాలో, ఒక్కటీ తోచలేదు.

"తాళం ఇయ్యి."

ఇవ్వలేదు. వంగి ధనశ్రీ కళ్ల మీంచి అద్దాలు తీసింది. "లెగు అమ్మా. ఇయ్యాల ఒద్దు."

ధనశ్రీ లేచి కూర్చుంది. ఆ పిల్ల ముందు అడిగింది నొప్పి గురించి కాదు. "ఆపేత్తే మళ్లీ వచ్చేత్తాదా అక్కా?"

బిందుమాధవి మాస్కు కిందికి లాగింది. పొద్దున్న గీసిన గడ్డం మీద అప్పటికే నల్లటి నీడ తేలుతోంది. ధనశ్రీ అంత దగ్గర్నుంచి ఆ ముఖం చూడడం అదే మొదలు.

"ఇది సేయించుకుంటే తగ్గుతాది. మంచి మిషనయితే, మంచి డాక్టరయితే, చాలా తగ్గుతాది. అసలు రాదంటే మాత్రం అబద్ధం. లోపల నెలసరి తిన్నగా లేనోళ్లకి మళ్లీ మొలుత్తాది. దానికి ఆడడాక్టరుకి సూపించుకోవాల. నాకు అంతకన్నా తెలీదు. నానూ ఇంతవరకూ సూపించుకోలేదు."

అప్పలకొండమ్మ కూతురి చెవి పక్కన ఉబ్బిన చోటు చూసింది. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత దేవీప్రసాద్ వైపు తిరిగింది.

"రానే రాదని మీరే గదా సెప్పేరు బాబూ. ఈ పిల్లని సూపించే గదా సెప్పేరు."

"మీకు తెలీదమ్మా, ఈమెకి మతి పోయింది. రేపు ఫ్రీగా ఇంకో సిట్టింగ్—"

"రేపేటి బాబూ? ఇయ్యాల కాలినదానికి ఏటి సేత్తారు?"

తల్లి కొంగుతో కూతురి ముఖం కప్పబోయింది. ధనశ్రీ వద్దన్నట్టు ఆ చెయ్యి పక్కకు తోసి, గది తలుపు పూర్తిగా తీసి బయటికి నడిచింది. చున్నీ మెడలో వేలాడుతోంది. చెవి పక్క ఎర్రటి మచ్చ, దవడ కింద నల్లటి మచ్చలు, ఇంకా పోని వెంట్రుకలు హాలు మధ్యలో, ట్యూబులైటు కింద ఉన్నాయి.

అంతవరకూ ఒకరినొకరు చూసుకోని ఆడవాళ్లందరూ తలలెత్తి ఆమెను చూశారు.

దేవీప్రసాద్ చొక్కా సర్దుకుని గుమ్మంలోకి వచ్చాడు. గొంతు మెత్తగా మార్చుకుని, "నెక్స్ట్ ఎవరండి?" అన్నాడు.

వంతు వచ్చిన ఆవిడ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని ఉంది. లేవలేదు. ధనశ్రీ ముఖం మీంచి చూపు తిప్పకుండా, గడ్డం మీది కొంగును వేళ్లతో పట్టుకుని అలాగే కూర్చుంది.