చక్రానికి జానెడు

జనగామ స్టేషన్ రోడ్డులో యాకయ్య షెడ్డు ఎక్కడని ఎవరినైనా అడగండి. చెయ్యి చూపించే ముందు ఒకసారి నవ్వుతారు. ఆ నవ్వు నా నోటికి, నా పనికి కాదు. నా పనికి వంక పెట్టే మనిషి ఇంకా పుట్టలేదని నేనే అందరికీ చెబుతుంటాను. నేను వెల్డింగ్ చేసిన చోట ఇనుము మళ్లీ విరగదు. విరిగితే పక్కన విరుగుతుంది.

వెంకట్రాజం సేటు కారు సంగతే తీసుకోండి. ఆయనది కిరాణా హోల్‌సేల్ దుకాణం. వాళ్ల బాపు కొన్న పాత చిన్న మోరిస్ కారు ఆ ఇంట్లో ఉండేది. అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చి రోజుకో బందు జరుగుతుంటే, ఎక్కడ రాయి పడుతుందోనని సేటు దాన్ని కొట్టంలో ఇటుకల మీద నిలబెట్టాడు. రెండేళ్ల తర్వాత కిందికి దింపబోతే నాలుగు టైర్లూ ఎండాకాలం చెరువు మట్టిలా పగిలి ఉన్నాయి. ఆ సైజు టైర్లు రావడమే ఆగిపోయిందట. హైదరాబాదు, సికింద్రాబాదు అంతా తిరిగొచ్చి, ఇక పాత ఇనుముకు ఇచ్చేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెప్పులు తెగినాయని మనిషిని పారేసుకుంటామా అని సేటును దుకాణంలోనే అడిగేశాను. ఆయన కారు తాళం నా చేతిలో పెట్టాడు.

నాలుగు ఫియట్ రిమ్ములు సంపాదించాను. అవి మోరిస్ చక్రాలకంటే చిన్నవి, వాటికి టైర్లు ఎక్కడైనా దొరుకుతాయి. కాకపోతే బోల్టుల రంధ్రాలు కలవవు. అందుకని పాత చక్రాల నడిమి పళ్లాలను కోసి తీసి, కొత్త రిమ్ముల్లో కూర్చి అతికాను. చక్రం తిప్పుతూ అంచుకు సుద్దముక్క ఆనిస్తే గీత చుట్టూతా ఒకే తీరుగా పడింది. అంటే వెంట్రుకవాసి వంకర లేదన్నమాట. వెనక తగిలించే స్టెప్నీ ఒక్కటి పాతదే ఉంచాం. అది దేనికీ పనికిరాదు గానీ, వెనక బోసిగా ఉండకూడదని సేటు ముచ్చట.

కారు నేలకు దగ్గరైంది. బజారులో దానికి బాతు అని పేరు పెట్టారు. సేటు భార్య సులోచనమ్మ మాత్రం, ఇన్నేళ్లకు పీట వేసుకోకుండా కారెక్కానని నాకు ఇంట్లోంచి చాయ్ పంపింది. సేటుకే ఒక అనుమానం వచ్చింది. పూర్వం రఘునాథపల్లికి ఎనిమిది మైళ్లు చూపిన మీటరు ఇప్పుడు తొమ్మిదికి దగ్గరగా చూపుతోందట. రోడ్డు కొత్తగా వేశారు కదా, వంపులు పెరిగాయని చెప్పాను. ఆయన షెడ్డు ముందు చాయ్ తాగుతుంటే తాడు తీసుకుని మొదట స్టెప్నీ చుట్టూ, తర్వాత కొత్త చక్రం చుట్టూ కొలిచాను. జానెడు తేడా ఉంది. చక్రం ఒక చుట్టు తిరిగితే కారు మునుపటికంటే జానెడు తక్కువ పోతుంది. మీటరుకు ఆ సంగతి ఏం తెలుసు, అది చుట్లు లెక్కపెట్టుకుంటుంది. అది బయటికి చెబితే నా పనికి నేనే వంక పెట్టుకున్నట్టు. తాడు గూట్లో పెట్టేసి ఊరుకున్నాను.

మాది సిద్దులకుంట. రఘునాథపల్లి దగ్గర దిగి బండిబాటన లోపలికి పోవాలి. నా భార్య కట్టమ్మ, మా అవ్వ, నా బిడ్డ విమల అక్కడే ఉండేవాళ్లు. నేను ఆదివారం పోయి వచ్చేవాణ్ణి. ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. ఆరుకు రఘునాథపల్లి నడవాలి, మధ్యలో ఈదులవాగు. మగపిల్లలే మానేస్తుంటే ఆడపిల్లను ఎవరు పంపుతారు? విమల ఐదు పాసై ఏడాది అయింది. ఇంటి వెనక గోడ నిండా బొగ్గుతో లెక్కలు చేసుకునేది. చేసిన లెక్కలే తుడిచి మళ్లీ చేసేది.

ఊరివాళ్లు పై బడి కోసం అర్జీ పెట్టారు. దగ్గరి బడి ఐదు మైళ్లు దాటి ఉంటేనే ఇస్తారట. అర్జీలో ఐదు దాటిందనే రాశారు. కానీ బాట వేసిననాడు గొలుసుతో కొలిచిన మేస్త్రీ మా నాయినతో చెప్పిన మాట నాకు గుర్తుంది. నాలుగు మైళ్ల ముప్పావు.

డెబ్బై రెండు ఎండాకాలంలో ఆ దూరం కొలవడానికి విద్యాశాఖ ఆఫీసరు బయల్దేరాడు. జనగామ చేరేసరికి జీపులో నీళ్ల పంపు పోయింది. తోసుకుంటూ నా షెడ్డుకే తెచ్చారు. కొత్త పంపు రేపటికి గానీ రాదన్నాను. ఆయన కోస్తా వైపు మనిషి, మాట తక్కువ. నోటిమాట మీద దూరం రాయననీ, మీటరు ఎంత చూపితే అంతే రాస్తాననీ, పావు మైలు తగ్గిందని పోయిన నెలలోనే రెండు ఊళ్ల కాగితాలు మూసేశాననీ చెప్పాడు. ఈ రోజు కుదరకపోతే సిద్దులకుంట కాగితం కూడా ఈ ఏటికి మూసేస్తానన్నాడు.

నేను సేటు దగ్గరికి పరుగెత్తి మోరిస్ తెచ్చాను. ఒట్టేసి చెబుతున్నాను, అప్పుడు నా బుర్రలో జానా లేదు, తాడూ లేదు. దూరం చాలదని తెలుసు. వాగునూ పిల్లలనూ కళ్లారా చూస్తే ఆయన మనసు కరగకపోతుందా అని ఒక్కటే ఆశ.

రఘునాథపల్లి బడి ముందు ఆయన మీటరు అంకె రాసుకున్నాడు. దారి పొడుగునా నేను వాగు గురించి, వరద గురించి చెబుతూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూడనైనా చూడలేదు, మీటరునే చూస్తున్నాడు. వాగు సరిగ్గా సగం దారి. అందులోకి దిగుతూ నేనూ మీటరు వైపు చూశాను. అక్కడికి రెండున్నర కూడా కాకూడదు. అది రెండున్నర దాటిపోయి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది జానెడు. వరద కథ సగంలో వదిలేసి, మిగిలిన దారంతా ఒక కన్ను బాట మీద, ఒక కన్ను మీటరు మీద పెట్టి నడిపాను.

మా బడి ముందు ఆగేసరికి మీటరు ఐదుంపావు చూపింది. నేను గబగబా దిగి వెనక్కి పోయి, పెద్ద స్టెప్నీ కనబడకుండా దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ఊరు పోగైంది. అందరికంటే ముందు విమల ఉంది. ఆఫీసరు పెన్ను తీసి నా వైపు తిరిగాడు.

"ఈ మీటరు సరైనదేనా? కింద సంతకం పెట్టేది నేను."

"మీటరు మీద నా చెయ్యి పడలే సార్. కంపెనిల ఎట్ల బిగించిండ్రో గట్లనే ఉన్నది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా అది అబద్ధమేనని నాకు తెలుసు. ఆ మనిషి నమ్మి రాసుకుంటుంటే సిగ్గేసింది. బొగ్గు గోడ గుర్తొచ్చి సిగ్గును మింగేశాను.

వానలు పడేనాటికి బడి వచ్చింది. ఐదుంపావు మైళ్ల ఊరని మావాళ్లు పెళ్లిళ్లలో కూడా చెప్పుకునేవారు. విమల ఆరులో చేరి, ఏడుకు వచ్చింది. ఆ ఏడు దసరా సెలవుల్లో షెడ్డుకు వచ్చి తాడు ఇమ్మంది. చక్రం కొలిచి, మైలుకు ఎన్ని చుట్లో లెక్క కట్టుకుని రమ్మని సారు చెప్పాడట. బ్రేకుల పనికి వచ్చిన మోరిస్ ఎదురుగానే ఉంది. ముందు చక్రం కొలిచింది. ఊరికే ఉండక స్టెప్నీ కూడా కొలిచింది. నేల మీద సుద్దతో చాలాసేపు ఏదో రాసింది.

"నాయినా, గీ చక్రాలు జానెడు తక్కువున్నయి. తొమ్మిది మైళ్లు పోతే మీటరు పది చూపెడ్తది."

నేను పక్క కారు బానెట్టులోంచి ఓరకంట చూస్తున్నాను. సుద్ద మళ్లీ కదిలింది. ఈసారి ఐదుంపావు అని రాసింది. దాని కింద లెక్క దిగుతూ దిగుతూ నాలుగు మైళ్ల ముప్పావుకు దగ్గరగా వచ్చి ఆగింది. విమల తలెత్తి నన్ను చూసింది. నేను ముందే తుడుచుకున్న చేతులు మళ్లీ తుడుచుకున్నాను. నా పనికి వంక పెట్టే మనిషి పుట్టనే పుట్టింది, అదీ నా ఇంట్లోనే. భయపడాలో మురిసిపోవాలో తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చాయి.

విమల లేచి, లెక్కనంతా కాలితో శుభ్రంగా తుడిచేసింది.

"సార్ ఏదన్న ఒక్క చక్రం కొలుసుకొని రమ్మన్నడు" అంది తాడు చుట్టుకుంటూ. "నీ సైకిలేది నాయినా?"