రాతిచేమంతి జడ

కారేపల్లి అవతలి తండాలో పూలి పొద్దున లేస్తే మేకల్ని గుట్టెక్కించేది, దారిలో ఎవరో ఒకరిని తిట్టేది. మొగుడు తన్ని తరిమితే కొడుకు హాతీరాంను చంకనేసుకుని పుట్టిన తండాకే వచ్చిన మనిషి, నోరే ఆమె ఆస్తి.

ఆ గుట్ట బండల పగుళ్లలో రాతిచేమంతి పూసేది. పొద్దుతిరుగుడుకు చిట్టి చెల్లెలు. గరుకు ఆకు, గోరంత పసుపు పువ్వు. చారెడు మట్టి లేకున్నా, బండ పెనంలా కాలుతున్నా తల వంచదు. వేరే చోట ఒక్క రాత్రి నిలవదు. ఎవరు పట్టుకెళ్లినా తెల్లారేసరికి తన పగులుకు వచ్చేస్తుంది, పట్టుకున్నదాన్ని కూడా తెచ్చేస్తుంది. ఖమ్మం నర్సరీ అతను కుండీలో పెట్టుకుపోతే కుండీతో సహా వచ్చింది. దాంట్లో పూలి పుదీనా వేసుకుంది.

అందుకే తండాలో పెళ్లికూతుర్ని సాగనంపేముందు ఇంటి పెద్దామె పిల్ల జడ విప్పి ఆ పువ్వుందేమో వెతకాలి.

ఆ మాఘంలో మనవరాలు సోని పెళ్లి. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. పాల్వంచలో కొలువున్న అల్లుడు మళ్లీ దొరకడన్నాడు హాతీరాం. సోని ఏడ్చింది, అన్నం మానేసింది, చివరికి మాటే మానేసింది.

ఆనవాయితీ ప్రకారం సోని ఎద్దు మీద నిలబడి ఏడుపు పాట పాడి దిగాక, పూలి ఆమె జడ విప్పింది. మెడ వెనక వేళ్లకు గరుకు ఆకు తగిలింది. సోని ఊపిరి బిగబట్టింది.

"ఏమన్న ఉన్నదా యాడీ?" హాతీరాం తల్లిని అడిగాడు.

పూలి జడ గట్టిగా అల్లేసింది. "పేన్లున్నయ్. నీ పెండ్లానికి పిల్ల తల దువ్వ తీరికేడిది? జీపెక్కించు జల్దీ."

తెల్లారి మేకలతో గుట్టెక్కితే సోని బండ మీద కూర్చుని ఉంది, అద్దాల లంగా మంచుకు తడిసి. పువ్వు పక్క పగుల్లో ఏమీ ఎరగనట్టు విచ్చుకుంది.

మగపెళ్లివారు అరుచుకుంటూ వచ్చారు. ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. అత్తింట పొద్దుపొడుపు చూడని పిల్ల కోడలే కాదని తండా పెద్ద రామ్‌సింగ్ తేల్చేశాడు. మగపెళ్లివారు ఓలిగా తామిచ్చిన ఎద్దును తోలుకుపోయారు.

"నీ చేతికి తగల్లేదా?" హాతీరాం తల్లి మీదికొచ్చాడు.

"తగిలింది. నా పెండ్లినాడు మా అవ్వ చేతికి గూడ తగిలింది. ఆమె తీసి పారేసింది."

హాతీరాం లోపలికెళ్లి సోని పుస్తకాల సంచి తెచ్చి భుజాన వేసుకుని, బడికెళ్లే ఇల్లందు బస్సు పోతుంది నడవమని కూతురితో అన్నాడు.