నీడన ఆరిన ఆకు

నేను ఒక పింగాణీ కల్వాన్ని. ఇంత పెద్ద నోరు పెట్టుకుని ఇన్నాళ్లూ మాట్లాడకుండా ఊరుకున్నందుకు నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

బట్టీలోంచి బయటికొచ్చిన కొత్తలో నన్ను విజయనగరంలో ఒక ఆయుర్వేద వైద్యుడు కొన్నాడు. మందు నూరేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన పోయాక కొడుకు నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. అక్కడి నుంచి ఒక కాలేజీ ప్రయోగశాలకు చేరాను. అడుగున నాలుగో నంబరు రాసి, మందుమొక్కల పరీక్షలకు పెట్టారు. చదువుకున్నవాళ్ల చేతిలో పడ్డానని మురిసిపోయాను కూడా. ఎంత వెర్రిదాన్ని!

పాంగి సుభాషిణి పాడేరు కొండల నుంచి పరిశోధనకు వచ్చిన పిల్ల. తన మేనత్త చిలకమ్మ మోకాళ్ల వాపులకు కట్టే అడవి ఆకును సంచినిండా తెచ్చింది. వాళ్లు దాన్ని వాపాకు అంటారు. ఆకుతో పాటు అత్త మాటా తెచ్చింది: "ఎండా వేడీ తగల్నీకు అమ్మీ, ఆకు సచ్చిపోతాది. నీడకే పన్నెండు దినాలు ఆరాల."

గైడు మార్తాండరావు గారు గడియారం చూసుకున్నారు.

"పన్నెండు రోజులా? వచ్చే వారమే సదస్సు. ఓవెన్‌లో పెట్టెయ్యమ్మా."

పెళపెళలాడిపోయిన ఆ ఆకును నాలో నూరారు. వాసనే లేదు, నాకప్పుడే అర్థమైపోయింది. ఆకులో సత్తువుంటే, దాని సారం కలపగానే పరీక్షకు వాడే ఊదారంగు ద్రావణం పసుపుగా మారాలి. మారలేదు. ప్రయోగశాల ఎలుకల కాళ్లకు తెప్పించిన వాపూ తగ్గలేదు. "కొండవాళ్ల మూఢనమ్మకం" అని ఆయన కొట్టిపారేశారు. తప్పు తనది, నింద చిలకమ్మకు!

సుభాషిణి మళ్లీ ఊరెళ్లి, అత్త చెప్పినట్టే ఆరబెట్టి తెచ్చింది. ఆకుల మధ్య ఒక చిన్న పువ్వు కూడా వచ్చింది. నూరుతుంటే ఆ ఘాటుకు పిల్లకు ఒకటే తుమ్ములు. ఊదారంగు చూస్తుండగానే పసుపైంది. ఎలుకల వాపులూ దిగాయి.

అప్పుడు చూడాలి ఆయనగారి హడావిడి! పత్రికలో వ్యాసం వచ్చింది. ఆకును నీడన ఆరబెట్టడం మార్తాండరావు గారు రూపొందించిన కొత్త పద్ధతట! చిలకమ్మ పేరు ఎక్కడా లేదు.

"మా అత్త పేరు వెయ్యలేదేం సార్?"

"ఆవిడకేం డిగ్రీ ఉందమ్మా? నీ థీసిస్ మీద నేనింకా సంతకం పెట్టలేదు, గుర్తుందా?"

పిల్ల నన్ను తీసుకుని కడగసాగింది. నేను పగిలిపోతే బాగుండుననిపించింది. పగలడానికి బదులు అద్దాల బీరువా ఎక్కాను. నా పక్కన చీటీ పెట్టారు: 'వాపాకు గుణాన్ని ఆచార్యులు కనిపెట్టిన కల్వం.'

పెద్ద ప్రయోగాలకు ఇంకో రెండు బస్తాల ఆకు కావాలని ఆయన కబురు పెడితే, చిలకమ్మే స్వయంగా వచ్చింది. ఆకు తర్వాత పంపొచ్చు, ముందు మేనకోడలి చదువెలా ఉందో చూద్దామని వట్టి చేతులతోనే వచ్చింది. బీరువా ముందు ఆగి అడిగింది.

"ఏటి రాసినారే అందులో?"

సుభాషిణి ఉన్నదున్నట్టు చదివింది.

చిలకమ్మ బీరువా అద్దం మీద వేలితో తట్టింది. "ఆయనే కనిపెట్టినాడు కదే? మరైతే కొండెక్కి ఎతుక్కోమను" అంది.

సుభాషిణి నేరుగా ఆయన గదిలోకి వెళ్లి, ఒక్క అక్షరం మార్చకుండా ఆ మాటే చెప్పి వచ్చింది.

ఆర్నెల్లయింది. థీసిస్ మీద సంతకం పడలేదు. ఆకూ రాలేదు. వాపాకు ఏ మొక్కదో తేల్చుకోవడానికి మార్తాండరావు గారు వనమూలికల పుస్తకాలన్నీ తిరగేస్తూనే ఉన్నారు. ఆ మొక్క పువ్వు ఏ రంగో కూడా ఆయనకు తెలియదు.

నాకు తెలుసు. చెప్పను.