ఉబాల్దో పంచిపెట్టిన నిద్ర

మా ఊరు పోంటల్‌లో పాటు తీసి నీళ్ళు సముద్రం వైపు వెనక్కి పోయే వేళకు ఆడవాళ్ళంతా మడ అడవిలోకి పీతలకు పోతారు. మోకాళ్ళ దాకా బురద, నడుముకు బుట్ట, నోట్లో ఎవరి కాపురం గురించో ఒక కబురు. మధ్యాహ్నం తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, ఊళ్ళో బాలింత ఎవరైనా ఉంటే చూడ్డానికి పోతారు. బాలింత ఇంట్లో కోడి పులుసులో కర్రపెండలం పిండి ఉడుకుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళకి తేనె కలిపిన సారా చిన్న గ్లాసుల్లో పోస్తారు. ఆ సారాని మా వైపు పిల్లాడి ఉచ్చ అంటారు. పేరు విని ముక్కు మూసుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆ వారం బాలింత రోజిల్దా. మొగుడు చేపల ఓడ మీద పోయి పది రోజులైంది. గురువారం నది అవతల ఆసుపత్రిలో కాన్పయింది, శనివారం ఇంటికి తెచ్చారు. కొడుక్కి పోయిన తాతగారి పేరు పెట్టారు, ఉబాల్దో అని. మూడు కిలోలు లేని మనిషికి అంత బరువు పేరెందుకని పడవ నడిపే ఒలేగారియో నవ్వితే, రోజిల్దా తల్లి ఎర్మెలిందా ఇక జన్మలో అతని పడవ ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు ఆమెకు పెద్ద కష్టమేమీ కాదు. పడవ ఎక్కితే చాలు, ఆమెకు వాంతులే.

ఉబాల్దోకి ఒక గుణం ఉంది. వాడు నిద్రపోతుంటే, వాడికి నాలుగు మూరల లోపల ఉన్న ప్రాణి ఏదైనా సరే నిద్రపోతుంది. మొదట పిల్లి పడుకుంది. తర్వాత మంత్రసాని, చేతిలో గ్లాసు ఉండగానే. ఆదివారం నాటికి ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరి దిండు వాళ్ళు పట్టుకొచ్చి మంచం చుట్టూ సర్దుకున్నారు. పక్కవీధి రొట్టెల దుకాణం ఆవిడ, మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి సరిగ్గా కన్ను మూయని మనిషి, రెండు గంటలు గురకపెట్టి లేచి పిల్లాడి పాదాలు ముద్దు పెట్టుకుంది.

“బంగారంలాంటి పిల్లాడు! ఏడుపన్నదే లేదు” అంది.

“మా వంశంలో అందరూ బుద్ధిమంతులే” అంది ఎర్మెలిందా, తనే కన్నంత గర్వంగా.

బాలింత పథ్యం విషయంలో ఎర్మెలిందాని మించినవాళ్ళు లేరు. నలభై రోజులు కిటికీ తెరవకూడదు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాలి. చన్నీళ్ళు తాకకూడదు, గాలి తగలకూడదు. ఆ గదిలో పగలూ దీపమే. ఆసుపత్రిలో నర్సు పంపించేటప్పుడు, “వీడు నిద్రమొహం. మూడు గంటలకోసారి లేపైనా సరే పాలివ్వండి” అని రెండుసార్లు చెప్పింది. పడవ దిగేసరికి ఎర్మెలిందా ఆ మాట నదిలో వదిలేసింది.

“నిద్రపోయే పిల్లాణ్ణి లేపుతారా ఎవరైనా? ఆకలేస్తే వాడే అడుగుతాడు, నోరు లేదా వాడికి?” అని, ఎప్పుడైనా పెదవులు కదిపితే చెంచాతో సోంపు నీళ్ళు పట్టేది. రోజిల్దా ఏమంటుంది? వాడి పక్కన పడుకుంటే ఆమెకూ తెలివుండేది కాదు. పాలు చేపుకొచ్చి, రవిక తడిసి, పరుపు తడిసి, అలాగే ఎండిపోయేవి.

మా ఊళ్ళో మొదటి ఏడు రోజులు పిల్లాడి ఉచ్చగుడ్డలు ఇంట్లోవాళ్ళు ఉతక్కూడదు. చర్చిలో జ్ఞానస్నానం నాడు బిడ్డని ఎత్తుకుని జ్ఞానతల్లి కాబోయే మనిషే వచ్చి, గుమ్మం దగ్గర మూట తీసుకుని ఉతికి తేవాలి. ఉబాల్దోకి జ్ఞానతల్లి జెనోవేవా. రోజిల్దాకి వరసకి వదిన, నోరు కొంచెం ఎక్కువ, చెయ్యి ఇంకా ఎక్కువ. ఊళ్ళో తొమ్మిదిమంది పిల్లల గుడ్డలు ఉతికిన చేతులవి. నాలుగో రోజుకి పిల్లాడి మూట ఎంత బరువుండాలో ఆ చేతులకి తెలుసు.

ఆదివారం మూటలో రెండు గుడ్డలున్నాయి. బాలింత ఇంట్లో మర్చిపోయుంటారు అనుకుంది. సోమవారం ఒక్కటే ఉంది. నీళ్ళలో ముంచబోయి ఆగి, విప్పి చూసింది. తడి లేదు. మధ్యలో ఇటుక పొడి రాసినట్టు ఒక మరక. మొన్న పీతలవాళ్ళ సంఘంలో ఆరోగ్య కార్యకర్త వచ్చి చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. పిల్లాడు నిద్ర లేవకపోయినా, గుడ్డలు తడపకపోయినా, పసుపు రంగు తేలినా, కాచుకుని కూర్చోవద్దని చెప్పింది ఆమె. ఆమె మళ్ళీ వచ్చేది గురువారం.

జెనోవేవా గుడ్డ అక్కడే రాతి మీద పడేసి, పెరట్లో నాలుగు పచ్చిమిరపకాయలు తెంపి, రెండు బుగ్గన, రెండు కొంగున పెట్టుకుని, రోజిల్దా ఇంటికి నడిచింది.

గదిలో అందరూ నిద్రలో ఉన్నారు. ముగ్గురు చుట్టాలు నేల మీద, ఎర్మెలిందా కుర్చీలో, ఒళ్ళో సోంపు నీళ్ళ గిన్నె. జెనోవేవా కళ్ళు మూతలు పడబోయాయి. ఒక మిరపకాయ కొరికింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా పిల్లాణ్ణి ఎత్తుకుని పెరట్లోకి వచ్చేసింది. వాడు నాలుగు మూరలు దాటగానే లోపల ఒక్కొక్కరే లేచారు.

“గాలి! పచ్చి పసిగుడ్డుకి గాలి తగులుతుందే, నీకు మతిపోయిందా జెనోవేవా?” ఎర్మెలిందా శాలువా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“మతి పోయింది మీకు. ఇలా రా అత్తా, ఎండలో చూడు.” తూలబోతున్న ఎర్మెలిందా నోట్లో ఒక మిరపకాయ కుక్కి, పిల్లాడి కనురెప్ప బొటనవేలితో పైకి ఎత్తింది. తెల్లగుడ్డు పండిన మామిడి రంగులో ఉంది. చిగురు నొక్కి చూపించింది, అదీ అంతే. పొట్ట మీద చర్మం నొక్కింది, అక్కడా పసుపే. ఇంత చేసినా వాడు కదల్లేదు.

“కామెర్లే కదా,” అంది ఎర్మెలిందా, గొంతు తగ్గించి. “ఆకు నీళ్ళతో స్నానం పోస్తే పోతాయి. పసిపిల్లలకి రావా ఏంటి?”

“వస్తాయి. వచ్చిన పిల్లలు తాగుతారు, ఉచ్చ పోస్తారు. మూడ్రోజులుగా ఊరంతా మీ ఇంట్లో పిల్లాడి ఉచ్చ తాగి పోతోంది, ఒక్కరైనా అసలుది చూశారా అత్తా?”

గుమ్మంలో రోజిల్దా నిలబడి ఉంది, రవిక రెండు వైపులా తడిసి. ఆమె తల్లి వైపు చూడలేదు. “ఒలేగారియో బాబాయ్‌ని పిలు వదినా,” అంది. నాలుగు రోజుల్లో ఆమె తనకు తానుగా చెప్పిన మొదటి మాట అదే.

ఎర్మెలిందా ఒట్టు సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు, ఆమె కూడా. కూతురి తలకి మూడు చుట్లు శాలువా చుట్టి, తనూ పడవ ఎక్కి ఒక అంచున కూర్చుంది.

అవతలి ఒడ్డుకి నలభై నిమిషాలు. పడవ రేవు దాటి పది బారలు పోయిందో లేదో, ఇంజను దగ్గర ఒలేగారియో తల వాల్చాడు. పడవ తిన్నగా పోయి మడ వేళ్ళలో ఇరుక్కుంది.

“ఇదేం గోలరా!” జెనోవేవా మిగిలిన మిరపకాయల్లో ఒకటి రోజిల్దా నోట్లో పెట్టి, తెడ్డుతో అతని భుజం పొడిచింది. “బాబాయ్ మెలకువగా ఉండాలంటే వీడు మెలకువగా ఉండాలి. విప్పు రోజిల్దా, వాడి బట్టలు విప్పు.”

“అమ్మ...”

“అమ్మని తర్వాత అడుగుదువుగాని. విప్పు.”

పొత్తిగుడ్డలు విప్పారు. వీపు రాశారు. అరికాలు గోటితో గీరారు. రోజిల్దా రొమ్ము పిండి ఒక చుక్క వాడి పెదవి మీద వేసింది. పెదవి కదిలింది. రెండో చుక్క వేసింది. నాలుక బయటికి వచ్చింది. వాడు కళ్ళు తెరిచాడు, ఒలేగారియో కళ్ళు తెరిచాడు. వాడు రొమ్ము పట్టుకున్నాడు, ఇంజను పట్టుకుంది.

ఆ రోజు ఆ పడవ నడిచిన తీరు రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాడు గుటకలు వేస్తున్నంతసేపు నీళ్ళు చీల్చుకుంటూ పోయేది. వాడి దవడ ఆగితే ఇంజను గుర్రుమని నెమ్మదించేది. “అరికాలు! అరికాలు!” అని జెనోవేవా అరిచేది. ఒక రొమ్ము నుంచి ఇంకో రొమ్ముకి మార్చేవాళ్ళు. వాడు మళ్ళీ చప్పరిస్తే, “ఎడమకి పోతున్నాను, పట్టుకోండి!” అని ఒలేగారియో ఉలిక్కిపడి లేచేవాడు.

నది మధ్యకి వచ్చేసరికి జెనోవేవా మిరపకాయలు అయిపోయాయి. రోజిల్దా కన్ను మూసింది. పిల్లాడి నోరు రొమ్ము నుంచి జారింది. ఒలేగారియో ముందుకు ఒరిగాడు, ఇంజను ఆగింది. పాటు లాగుతోంది, పడవ పక్కకి తిరిగి సముద్రం వైపు కొట్టుకుపోవడం మొదలెట్టింది.

మెలకువగా ఉన్నది ఒక్క ఎర్మెలిందా. కడుపులో తిప్పి, తల అంచు బయట పెట్టి వాంతి చేసుకుంటున్న మనిషికి నిద్ర ఎక్కడ పడుతుంది? నోరు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి నలుగురూ నిద్రలో ఉన్నారు. ముందర నది వెడల్పవుతోంది.

ఆమె కూతుర్ని కుదిపింది. జెనోవేవాని కొట్టింది. లాభం లేదు. అప్పుడు పిల్లాణ్ణి చూసింది. మూడు రోజులుగా ఆ గదిలో గట్టిగా దగ్గితే కసిరింది ఆమె, తలుపు చప్పుడైతే తిట్టింది ఆమె. వాణ్ణి లేపాల్సిందీ ఆమే ఇప్పుడు. శాలువా కొస నదిలో ముంచి, ఆ చన్నీళ్ళ గుడ్డతో వాడి అరికాళ్ళు గట్టిగా రుద్దింది.

“లే, నాయనా. లేవరా. ఉబాల్దో, లే! మా నాన్న కదూ, లే!”

వాడు మొహం ముడిచాడు. ఆమె మళ్ళీ ముంచి మళ్ళీ రుద్దింది. మూడోసారికి వాడు సన్నగా, పిల్లికూనలా మూలిగాడు. ఆ మాత్రానికే రోజిల్దా కళ్ళు తెరిచి వాణ్ణి రొమ్ముకి అందించింది. ఒలేగారియో లేచి, సముద్రాన్ని చూసి దేవుణ్ణి ఒకసారీ ఇంజన్ని మూడుసార్లూ తలుచుకుని తాడు లాగాడు. మిగతా దారంతా ఎర్మెలిందా ఒక చేత్తో తడిగుడ్డ పట్టుకుని, రెండో చేత్తో పడవ అంచు పట్టుకుని, వాంతికీ వాంతికీ మధ్య వాడి పాదం వదల్లేదు.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ రక్తం తీసి చూసింది. “పసుపు చాలా ఎక్కువుంది. దీపం కింద పెట్టాలి. అయినా బాగా ఎండిపోలేదు వీడు. దారిలో తాగాడా?” అంది.

“దారంతా,” అంది జెనోవేవా.

“అదే మేలు చేసింది” అంటూ డాక్టరమ్మ ఆవులించింది.

వాడికి కళ్ళకు గంతలు కట్టి నీలం దీపాల కింద పడుకోబెట్టారు. నర్సు తొట్టి చుట్టూ నాలుగు మూరలు కొలిచి సుద్దముక్కతో గీత గీసింది. గీత దాటేవాళ్ళు కుర్చీ తెచ్చుకోవాలని చెప్పి, తన పనికి తను పోయింది. రెండున్నర గంటలకోసారి వాణ్ణి లేపాలి, పట్టాలి, మళ్ళీ దీపం కింద పెట్టాలి. ఆ లేపే పని ఎర్మెలిందా ఎవరికీ ఇవ్వలేదు. ఆమె గీత లోపల, కిటికీకి ఎదురుగా నిలబడేది. కిటికీలోంచి రేవు కనబడుతుంది. కట్టేసిన పడవలు అలల మీద లేస్తూ పడుతూ ఉంటాయి. వాటినే రెప్పవేయకుండా చూస్తే ఆమెకు కడుపులో తిప్పడం మొదలయ్యేది, ఆ తిప్పుతో నిద్ర ఆగేది. మొహం తెల్లగా పాలిపోయింది. బకెట్టు పక్కనే పెట్టుకుంది.

“ఎందుకమ్మా ఈ అవస్థ?” అంది రోజిల్దా బుధవారం పొద్దున, గీతకి ఇవతల నుంచి. “నర్సు లేపుతుందిగా. కాసేపు ఇటొచ్చి కూర్చో.”

ఎర్మెలిందా పడవల మీంచి చూపు తిప్పలేదు.

“నీకు ముందు ఒకడుండేవాడు,” అంది.

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

“వాడూ ఇలాగే పడుకున్నాడు. ఆరు రోజులు. ఊరంతా వచ్చి ఎంత బుద్ధిమంతుడో అన్నారు. నేనూ అన్నాను. అందరికంటే ఎక్కువ నేనే అన్నాను. మీ నాన్న లేపుదామంటే కసిరాను.” బకెట్టు కాలితో దగ్గరికి లాక్కుంది. “నాకు తెలీలేదే. నిద్రపోతున్నాడనుకున్నాను.”

రోజిల్దా లేచి గీత దాకా వచ్చింది. తల్లిని ముట్టుకోవాలంటే గీత దాటాలి, దాటితే నిద్ర. అయినా దాటింది. వెనక నుంచి తల్లి నడుము చుట్టూ చేతులు వేసి, వీపు మీద చెంప ఆన్చింది. తూలుతూ కూడా వదల్లేదు.

పిల్లాణ్ణి లేపే వేళయింది. ఎర్మెలిందా ఒక చేత్తో కూతుర్ని పట్టుకుని, రెండో చెయ్యి తొట్టిలోకి పెట్టింది. ఆమె వేలు తగలకముందే ఆ పాదం వెనక్కి ముడుచుకుంది. రెండు పిడికిళ్ళు పైకి లేచాయి. ఉబాల్దో నోరు తెరిచి, పుట్టిన ఏడోరోజున, ఎవరూ లేపకుండా, ఆకలని కేక పెట్టాడు.

ఆ కేకకి రోజిల్దా లేచింది. వార్డు చివర కునుకు తీస్తున్న ఆయా లేచింది. పక్క తొట్లలో ఇద్దరు పసివాళ్ళు లేచి శ్రుతి కలిపారు. “ఎవరి రాక్షసుడమ్మా అది?” అని ఎవరో విసుక్కున్నారు.

“నా మనవడు!” అని అరిచింది ఎర్మెలిందా. కళ్ళ నీళ్ళు చుబుకం దాకా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

రోజిల్దా రవిక గుండీలు విప్పుకుంటూ పిల్లాణ్ణి తీసుకోబోయింది. ఎర్మెలిందా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఒక్క నిమిషం ఆగవే,” అంది. “ఏడవనీ. కాస్త విననీ నన్ను.”