సోమవారానికో నిమిషం

నాచారం పారిశ్రామికవాడలో చలపతిరావుగారి ఫ్యాక్టరీ సైరన్ ఆలస్యంగా మోగుతోందని ముందుగా కనిపెట్టింది వైండింగ్ సెక్షన్ ఆడవాళ్ళు. సాయంత్రం అయిదున్నరకు సైరన్ మోగగానే వాళ్ళు గేటు దాటి, చౌరస్తా దాకా గబగబా నడిచి, చెంగిచెర్ల బస్సు ఎక్కేవాళ్ళు. ఇప్పుడు సైరన్ మోగేసరికి బస్సు ఉప్పల్ దాటిపోతోంది. పొద్దున కూడా అదే సైరన్ అంతే ఆలస్యంగా మోగుతోంది. ఆ సంగతి మాత్రం ఎవరూ నోరెత్తి అనలేదు.

"చూశావా న్యాయం?" అన్నారు చలపతిరావుగారు బాలరాజును పిలిచి. "సాయంత్రం పది నిమిషాలు లేటని ఫ్యాక్టరీ అంతా వచ్చి చెప్పింది. పొద్దున లేటని ఒక్కళ్ళూ చెప్పలేదు. ఆ సైరన్ సంగతి కాస్త చూడు నాన్నా. మన స్వర్ణలత ఉన్నప్పుడైతే..." అని నాలుక కరుచుకున్నారు.

"సూస్త సార్," అన్నాడు బాలరాజు.

స్వర్ణలత అతని భార్య. పోయిన శ్రావణంలో పోయింది. ఆమె పేరు ఎత్తినప్పుడల్లా ఎదుటివాళ్ళు బాలరాజు ముఖంలోకి చూస్తారు, ఏదో ఒకటి కదులుతుందని. ఏమీ కదలదు. దినం నాడు జనగామ నుంచి వచ్చిన చుట్టాలు "రాయి లెక్క కూసున్నడు" అని అతను వింటుండగానే అనుకున్నారు. అది విని కూడా అతనికి కోపం రాలేదు. రావాలి కదా అని మాత్రం అనిపించింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండే సారలమ్మ రోజూ అతని పళ్ళెంలో ఒక గరిటె ఎక్కువ వేసి, "జర ఏడువు కొడుకా, లోపల పెట్టుకుంటె కుళ్ళుతది" అంటుంది. అతను తల ఊపి, పెట్టిందంతా తిని, పళ్ళెం కడిగి బోర్లిస్తాడు. ఏం కూర తిన్నావని గేటు దగ్గర అడిగితే చెప్పలేడు.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి టైమర్ బోర్డులు. కోల్డ్ స్టోరేజీల్లో మోటార్లు, ఐస్ ఫ్యాక్టరీల్లో పంపులు ఏ వేళకు నడవాలో ఏ వేళకు ఆగాలో చూసుకునే బోర్డులు. అరచేతంత ఉంటుంది, దాంట్లో ఓ బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్. కంపెనీ పెట్టిన కొత్తలో తయారైన మొట్టమొదటి బోర్డు టైమ్ ఆఫీసు గోడకున్న రేకు డబ్బాలో ఉంది. సైరన్ మోగించేది అదే. చలపతిరావుగారి దృష్టిలో అది బోర్డు కాదు, ఇలవేల్పు. దసరాకు దానికే ముందు బొట్టు, దానికే ముందు కొబ్బరికాయ. ఇలవేల్పైతే అయింది గానీ, దాని గడియారం వారానికో నిమిషం వెనకబడుతుంది. చిన్న ముక్క ఒకటి మారిస్తే సరిపోయేది. "మనకు అన్నం పెట్టిన పీసు. దాని ఒంటి మీద స్క్రూడ్రైవర్ పెట్టారంటే ఊరుకోను," అనేవారు ఆయన. కేబుల్ గుచ్చడం వరకు ఒప్పుకున్నారు, అదే పదివేలు.

అందుకని ప్రతి సోమవారం పొద్దున టెస్టింగ్ సెక్షన్ నుంచి స్వర్ణలత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, కేబుల్ గుచ్చి, గడియారాన్ని ఒక నిమిషం ముందుకు జరిపేది. తెర నల్లగా ఉంటుంది. దాని మీద ఒక బాణం గుర్తు, అంతే. బొమ్మలుండవు, మౌస్ పనికిరాదు. మనం ఒక మాట కొట్టాలి, అది ఒక మాట చెప్పాలి.

"దీనికి మస్తు మర్యాద ఉన్నది," అనేది స్వర్ణలత. "అడిగిందానికే చెప్తది. అడగకుంటె ఊకుంటది. నీ లెక్క వాగది."

అప్పట్లో బాలరాజు వాగేవాడు. సైట్ల మీద తిరిగే సర్వీస్ ఇంజినీరు, అదే నల్ల తెరతో రోజంతా మాట్లాడేవాడు, ఇంటికొచ్చి ఆమె చెవులు తినేవాడు.

నిరుడు జూన్‌లో ఆమె కడుపులో గడ్డ ఉందన్నారు. దవాఖానాలో డాక్టరు బాలరాజును ఒక్కడినే వరండాలోకి పిలిచి, గడ్డ సంగతీ, అది ఎక్కడెక్కడికి పాకిందీ చెప్పాడు. "తెచ్చి చేర్చండి, ఆపరేషన్ చేస్తాం. కానీ ఆశ పెట్టుకోకండి," అన్నాడు. బాలరాజు నల్లా దగ్గర ముఖం కడుక్కొని, తువ్వాలతో గట్టిగా తుడుచుకొని, లోపలికి వెళ్ళాడు.

"చిన్న గడ్డనేనట. చేరినంక రెండు వారాలల్ల ఇంటికి పోవచ్చట," అన్నాడు.

ఆమె అతని ముఖం వైపు చూసింది. "రెండు సోమవారాలేనా? మంచిగనే ఉన్నది," అంది. ఇంకేమీ అడగలేదు.

అడగలేదు కాబట్టి నమ్మింది అనుకున్నాడు. అప్పటి నుంచీ ప్రతిసారీ నల్లా దగ్గర ముఖం కడుక్కోవడం, పొడి ముఖంతో లోపలికి వెళ్ళడం. ఆమె మంచం మీద పడుకొని "వచ్చే సోమవారం నేను పోవాలె, లేకుంటె ఆ సైరన్‌ను ఆగం జేస్తరు," అనేది. "పోదువు తియ్," అనేవాడు. చివరి రోజు కూడా అలాగే అన్నాడు. ఆమె పోయాక ఆ పొడి ముఖం ఇక తడవలేదు. అతన్ని పీడిస్తున్నది ఒక్కటే. ఆమెకు తెలియకుండానే సాగనంపాడు. చెప్పుకోవలసిన మాటలుంటాయి కదా మనిషికి, తల్లికో, అన్నకో, మొగుడికో. అవేవీ చెప్పుకోనివ్వకుండా అబద్ధం చెప్పి పంపించేశాడు. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు.

చలపతిరావుగారు చెప్పిన మూడో రోజు సాయంత్రం గానీ అతను టైమ్ ఆఫీసుకు వెళ్ళలేదు. మధ్యలో టెస్టింగ్ సెక్షన్ తేజేష్ కనిపించాడు.

"అదేంటన్నా, మీరే సెట్ చేస్తున్నారనుకున్నానే ఇన్నాళ్ళూ!" అన్నాడు.

"నేను నువ్వనుకున్న," అన్నాడు బాలరాజు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె పోయాక ఆ డబ్బాకు ఎవరూ కేబుల్ గుచ్చలేదన్నమాట. మరి శ్రావణం నుంచి లేటవుతూ వస్తే ఈపాటికి అరగంట దాటాలి. పది నిమిషాలే ఎందుకయింది?

రేకు డబ్బా మీద దసరా నాటి కుంకుమ ఇంకా అంటుకొని ఉంది. బాలరాజు స్టూలు లాక్కొని కూర్చొని కేబుల్ గుచ్చాడు. బాణం గుర్తు వచ్చింది. 'టైమ్' అని కొట్టాడు. అయిదు దాటి ఎనిమిది నిమిషాలని చెప్పింది. అతని చేతి గడియారంలో అయిదు పద్దెనిమిది. ఒక్క మాటతో సరిచేసి లేచిపోవచ్చు. కానీ ఆ లెక్క తేలలేదు, లెక్క తేలకుండా వదిలే వృత్తి కాదు అతనిది. ముందే పెట్టిన పనులేమైనా ఉన్నాయేమోనని 'లిస్ట్' అని కొట్టాడు.

ఆ బుల్లి సిస్టమ్‌కు 'ప్రతి సోమవారం' అంటే అర్థం కాదు. ఫలానా తేదీన ఒక నిమిషం ముందుకు జరుగు అని, ఏ తేదీకి ఆ తేదీ ఒక్కో లైన్‌గా కొట్టాలి. చేసిన పని పక్కన 'అయింది' అని గుర్తు పెట్టుకుంటుంది. మనం తుడిచేదాకా ఆ లైన్ అలాగే ఉంటుంది.

దవాఖానాలో చేరే ముందు రోజు ఆమె ఆ పని మీదే ఫ్యాక్టరీకి వచ్చింది. "రెండు సోమవారాలు రాను గద, రెండు లైన్లు కొట్టొస్త," అంది. అతను గేటు బయట బండి మీద కూర్చొని ఎదురుచూశాడు. ఎంతసేపటికీ రాదు. వచ్చాక, "రెండు లైన్లకు గింతసేపా?" అని విసుక్కున్నాడు. "చెయ్యి గుంజుతున్నది, మెల్లగ కొట్టిన," అంది. దారిలో చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిన్నారు. ఆమె రెండు తిని, అతని దాంట్లోంచి ఒకటి లాక్కుంది.

తెర మీద జూన్ సోమవారం వచ్చింది, పక్కన 'అయింది'. దాని కింద ఇంకో జూన్ సోమవారం, 'అయింది'. ఆ రెండే ఉండాలి.

కింద జూలై సోమవారం ఉంది. దాని కింద ఇంకొకటి. ఆగస్టు సోమవారాలు. ఆమె పోయిన వారం తర్వాతి సోమవారం, 'అయింది'. అతను దినాలు ముగించుకొని మళ్ళీ పనిలో చేరిన సోమవారం, 'అయింది'. ఆ పొద్దున సైరన్ సరిగ్గా వేళకు మోగింది, అతను లోపలికి వెళ్ళాడు. సెప్టెంబరు, దసరా, దీపావళి, డిసెంబరు, జనవరి దాకా అన్నీ 'అయింది', 'అయింది'. అక్కడితో లైన్లు అయిపోయాయి. అక్కడి నుంచే సైరన్ వెనకబడింది.

జాగ్రత్త మనిషి, ఎందుకైనా మంచిదని కొట్టి ఉంటుందిలే అని తనకు తాను చెప్పుకోబోయాడు. కుదరలేదు. స్వర్ణలత ఎందుకైనా మంచిదని ఏదీ చేసే మనిషి కాదు. ఇద్దరికి వండితే ఇద్దరికే సరిపోయేది, చుట్టం వస్తే మళ్ళీ పొయ్యి వెలిగించాల్సిందే. అక్కరకు రాని లైన్ ఒక్కటి పెట్టినందుకు తేజేష్‌ను పదిమందిలో కడిగేసింది. బోర్డులో జాగా అంటే ఆమెకు అంత పిసినారితనం.

అతను వచ్చే సోమవారం తేదీతో ఒక లైన్ కొట్టి చూశాడు. 'జాగా లేదు' అన్నట్టు ఒక ముక్క ఇంగ్లీషులో చెప్పి, మళ్ళీ బాణం గుర్తు చూపించింది.

అంటే అది చాలనేదాకా కొట్టింది. ఇంకా జాగా ఉంటే ఇంకా కొట్టేది. కడుపులో గడ్డ పెట్టుకొని, గుంజే చేతితో, తాను చూడబోని సోమవారాలన్నీ ఒక్కొక్కటే కొట్టుకుంటూ కూర్చుంది. బయట మొగుడు బండి మీద విసుక్కుంటున్నాడు.

తెలుసు ఆమెకు. మొదటి రోజు నుంచీ తెలుసు. అతని ముఖం వైపు చూసిన ఆ ఒక్క చూపులోనే తెలిసిపోయి ఉంటుంది. మంచం మీద పడుకొని వచ్చే సోమవారం పోవాలె అన్నదంతా అతని కోసం అన్నదే. అతను ఆమె కోసం ముఖం కడుక్కుంటుంటే, ఆమె అతని కోసం సోమవారాలు లెక్కపెట్టింది.

ముందు బాలరాజుకు కోపం వచ్చింది. ఏడు నెలల తర్వాత వచ్చిన మొదటి కోపం, బతికున్న పెళ్ళాం మీద వచ్చినట్టే వచ్చింది. చెవులు వేడెక్కాయి. ఎరికుండి సుత చెప్పలేదు. నన్ను ఒక్కన్నే మొయ్యనిచ్చినవ్. అంత తెలిసినదానివి, ఆ బజ్జీ ఎట్ల తిన్నవే?

పాత లైన్లలో ఒకటి తుడిస్తే కొత్తదానికి జాగా దొరుకుతుంది. అతను తుడవలేదు. 'టైమ్' అని కొట్టి, చేతి గడియారం చూసి, సరైన వేళ ఇచ్చాడు. బోర్డు ఇంకేమీ అడగకుండా తీసుకుంది. ఇక వచ్చే సోమవారం అతనే రావాలి. ఆపై సోమవారం కూడా.

సారలమ్మ టీ గ్లాసు పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. "అయిందా కొడుకా? బాగైందా గది?"

బాలరాజు ఆమె వైపు తిరిగాడు. "దానికి ఎరికేనే అవ్వా," అన్నాడు.

"ఎవలికి? ఏం ఎరుక?"

"నేను రెండు వారాలని చెప్పిన. దానికి అంత ఎరికే..."

ఆ మాట పూర్తయ్యేలోపు నెత్తిమీద సైరన్ మోగింది. టైమ్ ఆఫీసు కప్పు మీదే దాని గొట్టం. మోగితే కిటికీ రెక్కలు అదురుతాయి, పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. సారలమ్మకు బాలరాజు నోరు తెరుచుకోవడం కనబడింది, భుజాలు ఎగిరెగిరి పడటం కనబడింది. ఆమె టీ గ్లాసు కింద పెట్టి, అతని తల పట్టుకొని తన పొట్టకు ఆనించుకుంది.

ఆవరణలో వైండింగ్ సెక్షన్ ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు సంచుల్లో వేసుకొని అప్పటికే గేటు వైపు ఉరుకుతున్నారు. ఇవాళ బస్సు దొరుకుతుందని ఒకరికొకరు సంబరంగా చెప్పుకుంటున్నారు. ఇంతలో సైరన్ ఆగింది. లోపల మనిషి ఆగలేదు. మగమనిషి గొంతెత్తి ఏడుస్తున్న చప్పుడు టైమ్ ఆఫీసు లోంచి ఆవరణ అంతా వినబడింది. ముందు ఒకామె నిలబడింది, ఆ వెనక ఇంకొకామె. గొంతు ఎవరిదో పోల్చుకున్నాక అందరూ నిలబడ్డారు.

ఆ రోజు సైరన్ సరిగ్గా వేళకే మోగింది. అయినా చెంగిచెర్ల బస్సు వాళ్ళలో ఎవరికీ దొరకలేదు.